ఉత్తరీయపు ముడి



మా ఇంటిలో ఒక పాత రేకుపెట్టె గలదు. దానిలో మా తాతగారి వస్తువులు మూడు మిగిలియున్నవి. ఒకటి, అట్ట ఊడిపోయిన బైబిలు. రెండవది, ఒక మూల చెదలు తినివేసిన నీతిచంద్రిక. మూడవది, మద్రాసు రాజధాని కాలమునాటి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము. ఏటేట క్రిస్మసు పండుగకు ఇంటికి సున్నము వేయించునపుడు ఆ మూడింటిని ఎండలో పెట్టి, దుమ్ము దులిపి, మరల పెట్టెలో పెట్టుచుందును. నాకు ఎనుబది యేండ్లు దాటినవి. నేను పోయిన తరువాత ఈ మూడింటిని ఎందుకు దాచితిమో నా మనుమలకు చెప్పువారుండరు. కాబట్టి ఆ కథను ఇక్కడ వ్రాసి పెట్టుచున్నాను. ఇందులో నవ్వుకొనవలసినవి చాల ఉన్నవి. నవ్విన తరువాత ఆలోచింపవలసినది ఒకటి ఉన్నది.

మా తాతగారి తండ్రి ఒంగోలు ప్రాంతపు పల్లెలో పాలేరు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువు అనిరి. ఆ కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీయైన క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగము కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. ఆ కాలువలో మట్టి మోసినవారిలో మా ముత్తాత ఒకడు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటి యొద్ద, వెల్లంపల్లిలో, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మా ముత్తాతయు ఆ సంవత్సరముననే ప్రభువును అంగీకరించెను.

ముప్పది యేండ్లు గడచినవి. 1908లో ఆయన కుమారుడు, అనగా మా తాతగారు, పదుమూడేండ్ల పిల్లవాడు, అదే కాలువ మీద పడవ యెక్కి హైస్కూలు చదువునకు బయలుదేరిరి. గాలి ఉన్నపుడు తెరచాప, గాలి లేనపుడు గట్టు మీద మనుష్యులు తాడు భుజమున వేసికొని లాగుట, ఇదియే ఆనాటి పడవ ప్రయాణము. పెదగంజాము దాటి, కొమ్మమూరు కాలువలో ప్రవేశించి, కృష్ణా డెల్టాలోనికి పోవలెను. "మా నాయన మట్టి తవ్విన కాలవ మీద నేను కూర్చుని పోయాను. ఆయన మోసిన ప్రతి తట్టా నాకు ఒక అక్షరమైంది" అని తాతగారు చెప్పెడివారు.

మన ఆంధ్రదేశమున ఇంగ్లీషు చదువు చెప్పిన తొలి బడులలో మిషను బడులు ముఖ్యమైనవి. ఫాదరు హయ్యరుగారు 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిరి. రాబర్టు నోబులుగారు 1843లో మచిలీపట్టణమున బడి తెరచిరి. వారి వెనుక అనేకులు వచ్చి ఊరూర బడులు పెట్టిరి. తాతగారి బడి వాటిలో ఏదియో నేను చెప్పను. చెప్పబోవు అల్లరి పనులు ఆ బడి గౌరవమునకు తగినవి కావు!

ఆ దినములలో హైస్కూలు తరగతులను ఫారములనెడివారు. ఫస్టు ఫారముతో మొదలుపెట్టి సిక్స్తు ఫారముతో ముగియును. 1911 ప్రాంతమున పాత మెట్రిక్యులేషను పరీక్ష పోయి దాని స్థానమున ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చెను. ఈ క్రొత్త పద్ధతిలో ప్రతి విద్యార్థికి ఒక పుస్తకము ఉండెను. అతని మార్కులును, అతని నడవడియు అందులో వ్రాయుదురు. ఈ పుస్తకమును జ్ఞాపకముంచుకొనుడి. కథలో దీనితో పని యున్నది.

మొదట హాస్టలు సంగతి చెప్పెదను. పల్లెల నుండి వచ్చిన క్రైస్తవ పిల్లలందరు ఒక పొడుగాటి తాటాకుల పాకలో నుండెడివారు. ఉదయము చల్లన్నము, మధ్యాహ్నము జొన్నసంకటి, రాత్రి అన్నము, పులుసు. ఆ పులుసులో వంకాయ ముక్క కనుగొనుట గొప్ప పరిశోధన. తాతగారు భోజన ప్రార్థన చేయవలసి వచ్చిన ఒక రాత్రి ఇట్లు ప్రార్థించిరట: "ప్రభువా, రాత్రంతా వల వేసి ఏమీ పట్టలేని పేతురును జ్ఞాపకం చేసుకున్నట్టే మమ్మల్ని కూడా జ్ఞాపకం చేసుకో." కన్నులు మూసికొనియున్న వార్డెనుగారికి ఆ మాట అర్థమగుటకు కొంచెము సేపు పట్టెను. మరునాటి పులుసులో ముక్కలు అధికమాయెను. ఇక మీదట భోజన ప్రార్థన తాతగారు చేయకూడదని ఆజ్ఞయు వెలువడెను.

ఇంగ్లీషు మాస్టరుగారు గట్టివారు. వారి తరగతిలో ఒక్క తెలుగు మాట దొర్లినను కాణీ జరిమానా. ఆ కాణీలు వేయుటకు బల్ల మీద ఒక డబ్బా ఉండెను. ఒకనాడు వెనుక బెంచీ పిల్లవాని కాలి దగ్గరకు తేలు ప్రాకి వచ్చెను. వానికి తేలును ఇంగ్లీషులో ఏమందురో తెలియదు. చేతిలో కాణీ లేదు. వాడు బెంచీ యెక్కి, "సార్! సార్! వన్ టెయిల్ అప్ ఇన్‌సెక్ట్!" అని కేకలు వేసెను. మాస్టరుగారు వ్యాకరణము సరిదిద్దుటకు వాని దగ్గరకు వచ్చి, క్రిందికి చూచి, ఎగిరి బల్ల మీదికెక్కి, "తేలు! తేలు! చంపండిరా!" అనిరి. తేలును చంపిన తరువాత తరగతి లీడరు ఆ డబ్బాను రెండు చేతులతో పట్టుకొని వినయముగా మాస్టరుగారి యెదుట నిలిచెను. మాస్టరుగారు పిల్లలందరి ముఖములు చూచిరి, జేబులో చేయి పెట్టిరి, మూడు మాటలకు మూడు కాణీలు లెక్కపెట్టి డబ్బాలో వేసిరి. "ఆయన నేర్పిన ఇంగ్లీషులో సగం మరిచిపోయాను, ఆ మూడు కాణీల చప్పుడు మాత్రం మరిచిపోలేదు" అని తాతగారనెడివారు.

లెక్కల మాస్టరుగారికి నశ్యము అలవాటు. ఏ ప్రశ్న అడిగినను ఒక పట్టు పీల్చిన తరువాతనే జవాబు వచ్చును. 1910 వేసవిలో హేలీ తోకచుక్క కనబడినది. మే 18, 19 తేదీలలో భూమి దాని తోక గుండ పోవునని పత్రికలు వ్రాయగా, ప్రళయము వచ్చునని ఊరూర భయము పుట్టెను. ఒక పిల్లవాడు లేచి, "సార్, భూమే ఉండదంట గదా, ఇంక ఈ లెక్కల పరీక్ష ఎందుకండీ?" అని అడిగెను. మాస్టరుగారు నశ్యము పీల్చి, "ప్రళయం మే పద్దెనిమిదిన. పరీక్ష అంతకు ముందే. కాబట్టి పరీక్ష రాసి పోండి" అనిరి. మే 19వ తేదీ ఎప్పటివలెనే తెల్లవారెను. కాకులు ఎప్పటివలెనే అరచెను. మార్కులును ఎప్పటివలెనే వచ్చెను. ఈ సంగతి చెప్పి తాతగారు, "ఆ దినం ఎప్పుడో మనకు తెలియదు. లెక్క అప్పగించాలన్నది మాత్రం తెలుసు" అని ముగించెడివారు.

దొరగారు బడికి హెడ్మాస్టరు. స్క్రిప్చరు పాఠము వారే చెప్పుచుండిరి. మంచివారు, భక్తిపరులు, గాని త-కారము వారి నాలుకకు లొంగలేదు. ప్రతి త-కారమును ట-కారమైపోవును. రూతు గ్రంథము చెప్పుచు, రూతు తన అత్తను విడువలేదని చెప్పవలసిన చోట, "రూటు టన అట్టను విడువలేదు, అట్టను హట్టుకొనెను" అనిరి. ముప్పది మంది పిల్లలు ఒక్కసారిగా తమ పుస్తకముల అట్టలను రొమ్మునకు హత్తుకొనిరి. పాఠము పిల్లల హృదయములలోనికి పోయినదని దొరగారు సంతోషించిరి. ఇంకొక విచిత్రమేమనగా, ప్రతి సంవత్సరము స్క్రిప్చరు బహుమానము ఒక బ్రాహ్మణ పిల్లవానికే వచ్చెడిది. పాస్టరుగారి అబ్బాయికి మూడవ స్థానము కూడ రాలేదు. మనకు ఇంటిలో దొరకు వస్తువును మనమెంత అలక్ష్యము చేయుదుమో చూడుడి!

ఇక తెలుగు పండితులవారి సంగతి. ఆ బడిలో అందరికంటె ఎక్కువగా పిల్లలు నవ్వినది ఆయనను చూచియే. జరీ తలపాగా, పొడుగాటి కోటు, దాని మీద రెండు మడతలు వేసిన ఉత్తరీయము, నుదుట విభూతి. ఆయన తరగతిలో గ్రాంథికము తప్ప మరియొక మాట పలుకరాదు. పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక, బాలవ్యాకరణము, ఈ రెండును ఆయనకు ప్రాణము. ఒకనాడు ఒక చిన్న పిల్లవాడు లేచి, "అయ్యగారండీ, ఒంటికి పోవాలండీ" అనెను. పండితులవారు కన్నులు మూసికొని, "ఒంటికి అనగానేమి? అది గ్రామ్యము. లఘుశంకానివారణార్థము బహిర్గమనమునకు అనుజ్ఞ వేడెదను అనుము" అనిరి. పాపము ఆ పిల్లవాడు "లఘు... లఘుశం... లఘుశంకా..." అని మూడుసార్లు ప్రయత్నించెను. నాలుగవసారి అనుజ్ఞతో పని లేకపోయెను.

ఆ సంవత్సరములలోనే తెలుగు భాషను గూర్చి పెద్ద వాదము చెలరేగినది. బడులలో వాడుకభాష వ్రాయనియ్యవలెనని గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారును, గ్రాంథికమే నిలువవలెనని జయంతి రామయ్య పంతులుగారును వాదించిరి. మా పండితులవారు రామయ్య పంతులుగారి పక్షము. పిల్లలందరు రామమూర్తి పంతులుగారి పక్షము. వాదము తెలిసి కాదు, ఆయన గెలిచిన యెడల వ్యాకరణము తప్పునని! హాస్టలు ప్రార్థనలలో కొందరు పిల్లలు రామమూర్తి పంతులుగారి కొరకు పేరు పెట్టి ప్రార్థించిరట.

అయితే ఒక సంగతి నవ్వునకు సంబంధించినది కాదు. పండితులవారు మా తాతగారి వంటి పల్లె పిల్లల చేతి నుండి కాపీ పుస్తకము తీసికొనరు. పిల్లవాడు దానిని బల్ల మీద పెట్టి నాలుగడుగులు వెనుకకు పోవలెను. అప్పుడు ఆయన తీసి దిద్ది, మరల బల్ల మీద పెట్టుదురు. సాయంకాలము ఇంటికి పోయి స్నానము చేసిన గాని లోపల అడుగు పెట్టరు. బడిలో అందరిని ఒకే బెంచీ మీద కూర్చుండబెట్టిన దొరగారు కూడ ఈ విషయములో ఏమియు చేయలేకపోయిరి. తాతగారు పద్యము చదువుటలో తరగతికి మొదటివారు. "భేష్" అని పండితులవారు గట్టిగా అందురు. ఆ "భేష్" కూడ బల్ల మీద పెట్టినట్లే ఉండెడిదని, తీసికొనుటకు నాలుగడుగులు నడువవలసి వచ్చెడిదని, తాతగారు చెప్పిరి.

1913వ సంవత్సరము. తాతగారు సిక్స్తు ఫారములో ఉండిరి. మధ్యాహ్నపు తరగతి, ఎండకాలము. పండితులవారు వ్యాసము వ్రాయుడని చెప్పి, కుర్చీలో వెనుకకు వ్రాలి నిద్రపోయిరి. ఉత్తరీయము రెండు కొసలును కుర్చీ వెనుక వ్రేలాడుచుండెను. ప్రక్కన కూర్చున్న పిల్లవాడు తాతగారి చెవిలో, "కట్టగలవా? రెండు జీళ్ళు పందెం" అనెను. తాతగారు పిల్లివలె నడిచి పోయి, ఆ రెండు కొసలను కుర్చీ కమ్మికి ముడివేసి తిరిగి వచ్చి కూర్చుండిరి. అది పలుపు ముడి. ఎడ్లను గుంజకు కట్టు పాలేర్లు వేయు ముడి అది. ఎంత లాగిన అంత బిగియును. తెలిసినవాడు ఒక్క కొస లాగిన యెడల విడిపోవును.

సరిగా అప్పుడే బయట బూట్ల చప్పుడు వినబడెను. ఇన్‌స్పెక్టరు దొర! ముందుగా చెప్పకుండ తనిఖీకి వచ్చెను. వెంట హెడ్మాస్టరు దొరగారు. పిల్లలందరు లేచిరి. పండితులవారును ఉలికిపడి లేచిరి. కుర్చీయు ఆయనతో కూడ లేచెను. ఆయన నమస్కరించుటకు వంగగా కుర్చీ నాలుగు కాళ్ళును ఆకాశమునకు లేచెను. తరగతి అంతయు గొల్లుమనెను. ఇన్‌స్పెక్టరు దొర కూడ రుమాలు నోటికి అడ్డము పెట్టుకొనెను. బంట్రోతు పరుగెత్తి వచ్చి ముడి విప్పబోయెను. వాడు లాగిన కొలది అది బిగిసెను.

హెడ్మాస్టరు దొరగారి ముఖము ఎఱ్ఱనాయెను. "ఎవరు చేసినది? ఇప్పుడే చెప్పవలెను. చెప్పనియెడల టరగటి మొట్టము మీద నడవడి చెడ్డది అని వ్రాసెదను" అనిరి. ఈసారి ఆ ట-కారము విని ఎవ్వరును నవ్వలేదు.

తాతగారి కాళ్ళు వణకినవి. ఆయన చదువు మిషను వారిచ్చు ఉపకారవేతనము మీద నడుచుచుండెను. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకములో ఆ మాట పడిన యెడల వేతనము ఆగిపోవును. పడవ యెక్కి ఇంటికి పోయి, తండ్రి పట్టిన పలుపునే పట్టవలెను. ఒప్పుకొనవలెనని నోరు తెరచిరి. మాట రాలేదు. తల దించుకొని నిలిచిరి. "అయిదు ఏళ్ళు పద్యాలు చదివిన నోరు ఆ రోజు ఒక్క మాట పలకలేకపోయింది" అని ఆయన చెప్పునపుడు కంఠము మారెడిది.

అప్పుడు పండితులవారు బంట్రోతును ఆగుమని సైగ చేసిరి. తమ చేయి వెనుకకు పోనిచ్చి, తడవి, ఒక్క కొస పట్టి లాగిరి. ముడి జారి విడిపోయెను. కుర్చీ నేల మీద నిలిచెను. ఆయన ఉత్తరీయమును సవరించుకొని, గంభీరముగా, "అయ్యా, బాలురు నిర్దోషులు. గాలికి జారకుండుటకై మదీయోత్తరీయమును నేనే బంధించుకొంటిని. అనంతరము విస్మరించితిని" అనిరి.

బంట్రోతు విప్పలేని ముడిని ఆయన ఒక్క లాగున విప్పుట ఇన్‌స్పెక్టరు చూచెను. కట్టినవానికి గాక మరి యెవరికి అంత సులువు? కాబట్టి ఆ మాట నమ్మి, నవ్వి, పిల్లల వ్యాసములు చూచుటకు మొదలుపెట్టెను. ఆ దినము మొదలు ఆ ఊరిలో పండితులవారికి "ఆసనపండితులు" అను పేరు పడెను. ఆయన దానిని మోసికొని తిరిగిరి గాని, ఎవ్వరితోను ఏమియు చెప్పలేదు. పందెము కట్టిన పిల్లవాడు జీళ్ళు కూడ ఇయ్యలేదు!

ఆ ఆదివారము ప్రభువు బల్ల. సహోదరునికి మన మీద విరోధమున్న యెడల ముందుగా వానితో సమాధానపడి, ఆ తరువాత అర్పణ తీసికొని రావలెనని ప్రభువు చెప్పిన సంగతి తాతగారికి తెలియును. శుక్రవారము రాత్రి నిద్ర లేదు. శనివారము సాయంకాలము ఆయన పండితులవారి వీధికి పోయిరి. ఆ వీధిలోనికి ఆయన అంతకు ముందెన్నడు పోలేదు. మురుగుకాలువ ఇవతల నిలిచి, "అయ్యగారండీ" అని పిలిచిరి. పండితులవారు అరుగు మీదికి వచ్చిరి. తలపాగా లేదు, కోటు లేదు. వ్యాకరణము కూడ లేదు.

"ఏమిరా, ముడి నీదేనా?" అనిరి.

ఐదేండ్లలో ఆయన నోట తాతగారు విన్న మొదటి వాడుక మాట అదియే.

"నాదేనండీ. మీకెట్లా తెలిసిందండీ?"

"మా నాన్నకు రెండు ఎడ్లుండేవిరా. చిన్నప్పుడు నేను కట్టి విప్పిన ముడే అది. పట్నం పిల్లలకు రాదు. ముడి బాగా వేశావు. కాని అది ఎద్దుకు వేసేది, గురువుకు కాదు."

తాతగారు ఏడ్చిరి. కొంత సేపటికి, "అయ్యగారండీ, నా కోసం మీరు అబద్ధం ఆడారండీ" అనిరి.

"అబద్ధమా? తరగతిలో నిద్రపోయింది ఎవరు? నేను నిద్రపోకపోతే నువ్వు కట్టేవాడివా? కాబట్టి కట్టుకున్నది నేనే" అని పండితులవారు తర్కము చెప్పిరి. తరువాత మెల్లగా, "దొరగారికి చెబితే నీ పుస్తకంలో మరక పడుతుంది. చెప్పకపోతే నీ లోపల పడుతుంది. ఏది కడుక్కోవడం సులువో నువ్వే చూసుకో" అనిరి.

ఆయన లోపలికి పోయి ఒక నీతిచంద్రిక తెచ్చిరి. అలవాటు ప్రకారము దానిని అరుగు అంచున పెట్టిరి. తాతగారు వంగి తీసికొనబోయిరి. అంతలో పండితులవారు, "ఆగు" అని, పుస్తకమును మరల చేతిలోనికి తీసికొని, అరుగు దిగి, మురుగుకాలువ దాటి వచ్చి, తాతగారి రెండు చేతులలో పెట్టిరి. చేతికి చేయి తగిలెను. ఇద్దరును ఏమియు అనలేదు.

తాతగారు వీధి మలుపు తిరుగుచుండగా వెనుక నూతి గిలక కీచుమని చప్పుడాయెను. పండితులవారు స్నానమునకు నీళ్ళు తోడుకొనుచున్నారు! ఈ చోటికి వచ్చునప్పటికి తాతగారు ప్రతిసారి నవ్వెడివారు. ఒక్కసారి మాత్రము నవ్వుచు నవ్వుచు పైపంచెతో కన్నులు తుడుచుకొనిరి. "ఆ గిలక చప్పుడు నన్ను గాయపరచింది నిజమే. కాని ఆయన ఆ పుస్తకం నా చేతిలో పెట్టడానికి ఎంత దూరం నడిచి వచ్చాడో కూడా ఆ గిలకే చెప్పింది" అనిరి.

సోమవారము తాతగారు దొరగారి గదికి పోయి అంతయు ఒప్పుకొనిరి. దొరగారు చాల సేపు కిటికీలో నుండి బయటికి చూచుచు ఊరకుండిరి. తరువాత, "పండిటులుగారు టామే కట్టుకొంటినని చెప్పిరి. వారి మాటను నేను కాడనను. నీవు వారికి ఏమి బాకీ పడిటివో అది నీ జీవిటమంటయు టీర్చుకొనుము" అనిరి. నేను ఆ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము తెరచి చూచితిని. నడవడి అను చోట మంచిది అని లేదు, చెడ్డది అని లేదు. తృప్తికరము అని యున్నది. దొరగారు సత్యవంతులు!

తాతగారు 1914లో ఆ బడి విడిచి, తరువాత ముప్పదియైదు సంవత్సరములు పల్లె బడులలో ఉపాధ్యాయులుగా నుండిరి. 1968లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన బడిలో పిల్లవాడు తప్పు చేసినపుడు ఆయన మొదట అడుగునది "ఎవరు చేసినది?" అని కాదు. "దీనిని ఎట్లు విప్పుదుము?" అని అడిగెడివారని ఆయన శిష్యులు నాతో చెప్పిరి.

ప్రియులారా, మనము నోవహు కథ ఎరుగుదుము. ఆయన మత్తులో వస్త్రహీనుడై పడియుండగా హాము చూచి, పోయి బయట చెప్పెను. షేమును యాపెతును వెనుకకు నడిచి పోయి తండ్రి మీద వస్త్రము కప్పిరి. తాతగారు ఈ కథ చదివినపుడెల్ల, "నేను హామును. నిద్రపోతున్న పెద్దవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశాను. నవ్వులపాలైన ఆ పెద్దవాడే తన ఉత్తరీయం తీసి నా మీద కప్పాడు" అనెడివారు. స్క్రిప్చరు తరగతిలో ఆరేండ్లు కూర్చున్న పిల్లవానికి ఈ పాఠము నేర్పినది విభూతి పెట్టుకొన్న పండితుడు. దేవుడు తన పాఠములను ఎవరి నోట చెప్పించునో మనము నిర్ణయింపలేము.

అంటరానితనమును నేను కప్పిపుచ్చుట లేదు. అది మనుష్యునికిని దేవునికిని విరోధమైన పాపము. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 17వ అధికరణములో దానిని రద్దు చేసినది. అయినను మనుష్యుల మనస్సులలో నూతి గిలకలు ఇంకను మ్రోగుచునే యున్నవి. మన సంఘములలో కూడ మ్రోగుచున్నవి. ఏ పల్లెవారు ఏ వరుసలో కూర్చుందురో, ఎవరి యింట ఎవరు భోజనము చేయరో మనకు తెలియదా? పండితులవారిని చూచి నవ్వుటకు ముందు మన యరుగు మనము దిగితిమా అని అడుగుకొందము. ఆయన ఒక్కసారి దిగెను. ఒక పిల్లవాని బ్రదుకు మారుటకు అది చాలెను.

మన పిల్లలు నేడును తమ ఉపాధ్యాయులను చూచి నవ్వుదురు. నవ్వనిండు. నవ్వని బడి బడియే కాదు. అయితే ఇంటికి వచ్చి ఆ కథలు చెప్పునపుడు మీరు కూడ నవ్వి, తరువాత ఒక్క మాట అడుగుడి: "ఆయన నీ తప్పు ఎప్పుడైనా కప్పాడా?" పిల్లవాడు కొంచెము సేపు ఊరకుండును. ఆ ఊరకుండుటలో అతడు కొంత నేర్చుకొనును.

ఆ నీతిచంద్రిక ఆకులు విడిపోవుచుండగా తాతగారు దానికి ఒక నూలు త్రాడు కట్టిరి. పలుపు ముడియే వేసిరి. క్రిందటి క్రిస్మసునాడు మా చిన్న మనుమరాలు దానిని విప్పలేక లాగి లాగి విసిగిపోయెను. నేను ఆమె వ్రేళ్ళను పట్టుకొని, లాగవలసిన కొస ఏదియో చూపించితిని.